సెమీకండక్టర్ యంత్ర తయారీ సంస్థలలో మదుపు – తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల విలేకరులకు, అధికారులకు వివరణ వ్యాసం

ఆంధ్రప్రదేశ్‌లో చిప్ ప్యాకేజింగ్ కర్మాగారం స్థాపనకు కేంద్ర మంత్రివర్గం 2025 ఆగస్టు 12న ఆమోదం తెలిపింది. అప్పటి నుండి సెమీకండక్టర్ రంగంపై సామాన్య మదుపరులకు ఆసక్తి పెరిగింది. ధాన్యం, మినుము, రొయ్యల వ్యాపారంపై మిగులు సొమ్ము కూడబెట్టుకొనే కుటుంబాలు, ఇంజనీరింగ్ చదివి విదేశాలలో స్థిరపడిన సంతానం గల కుటుంబాలు అధికంగా ఉన్న తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాలలో ఈ ఆసక్తి సహజమైనదే. చిప్‌లను తయారుచేసే కర్మాగారాల కంటె, ఆ కర్మాగారాలకు యంత్రాలను సరఫరా చేసే సంస్థలలో వాటాలు కొనడం మేలన్న సలహా కూడా మదుపరులకు ఎదురవుతున్నది. ఈ సలహాలోని నిజమెంత, దానికి గల హద్దులేమిటి, ఇక్కడి మదుపరికి చట్టం అనుమతించే మార్గాలేవి అన్న విషయాలను విలేకరుల, అధికారుల ఉపయోగార్థం ఇందు వివరించడమైనది. ఏ సంస్థ వాటానూ కొనవలసినదిగా గాని, అమ్మవలసినదిగా గాని ఈ వ్యాసం సూచించదు.

యంత్రాలు, వాటి తయారీదారులు

చిప్ తయారీ పలుచని సిలికాన్ పలకపై జరుగుతుంది. ఈ పలకను వేఫర్ అంటారు. దానిపై అతి పలుచని పొరలను పరచడం, కాంతి సహాయంతో నమూనాను ముద్రించడం, అక్కరలేని భాగాన్ని తొలిచివేయడం, లోపాలను పరీక్షించడం అనే పనులను మరల మరల, కొన్ని వందల పర్యాయాలు జరుపవలసి ఉంటుంది. ఒక్కొక్క పనికి ప్రత్యేక యంత్రం కావాలి. చిప్ కర్మాగారానికయ్యే వ్యయంలో అత్యధిక భాగం భవనాలకు గాక ఈ యంత్రాలకే ఖర్చవుతుంది.

ఈ యంత్రాలను తయారుచేయగల సంస్థలు ప్రపంచంలో బహుకొద్ది. 1967లో అమెరికాలో స్థాపితమైన అప్లైడ్ మెటీరియల్స్ పొరలు పరచే యంత్రాలలోను, 1980లో స్థాపితమైన లామ్ రీసెర్చ్ తొలిచే యంత్రాలలోను, కేఎల్ఏ పరీక్షా యంత్రాలలోను పేరెన్నికగన్నవి. జపాన్‌కు చెందిన టోక్యో ఎలక్ట్రాన్ 1963లో ఆరంభమైనది. నెదర్లాండ్స్‌లోని వెల్డ్‌హోవెన్ పట్టణంలో ప్రధాన కార్యాలయం గల ఏఎస్ఎంఎల్ 1984లో ఏర్పడింది. అత్యాధునిక చిప్‌లకు అవసరమైన ఈయూవీ ముద్రణ యంత్రాన్ని ప్రపంచం మొత్తం మీద ఈ ఒక్క సంస్థే తయారుచేస్తున్నది.

పోటీదారులు ఇంత తక్కువగా ఉండడమే మదుపరులను ఆకర్షించే ప్రధాన కారణం. చిప్‌ల విపణిలో ఏ కంపెనీ గెలిచినా, ఏది ఓడినా, ఇద్దరూ యంత్రాలను ఈ కొద్దిమంది వద్దనే కొనవలసి ఉంటుంది. అదీగాక, ఒకసారి అమ్మిన యంత్రానికి విడిభాగాలు, మరమ్మతులు, నవీకరణల రూపంలో ఏళ్ళ తరబడి ఆదాయం వస్తూనే ఉంటుంది.

మిల్లు ఆడకపోతే యంత్రం కొనేదెవరు?

ఈ వాదనను తెనాలి వాసులకు వేరుగా బోధపరచనవసరం లేదు. బియ్యం మిల్లుల, మినపప్పు మిల్లుల మధ్య పెరిగిన పట్టణమిది. ధర పలికినా పలకకపోయినా మిల్లు యజమాని లాభనష్టాలు భరిస్తాడు. అతనికి షెల్లరు, సార్టెక్స్ యంత్రం అమ్మిన కంపెనీ మాత్రం తన సొమ్ము ముందుగానే తీసుకుంటుంది. అయితే ఇదే ఉదాహరణకు రెండవ పార్శ్వం కూడా ఉన్నది. వరుసగా రెండు సీజన్లు మిల్లులు సరిగా ఆడకపోతే, కొత్త యంత్రం కోసం బ్యాంకు గడప తొక్కే మిల్లరు కనబడడు. మిల్లరు వ్యాపారం పది శాతం తగ్గితే, యంత్రం అమ్మేవాని వ్యాపారం సగానికి పడిపోవచ్చును.

రేపల్లె, నిజాంపట్నం తీరంలోనూ ఇటువంటి అనుభవమే ఉన్నది. 1990 దశకం ఆరంభంలో కోస్తా ఆంధ్రలో టైగర్ రొయ్యల సాగు విస్తరించి, 1994-95 ప్రాంతంలో తెల్లమచ్చ వ్యాధి వ్యాపించడంతో కుదేలైనది. చెరువు ఎండగట్టిన రైతు ఏరేటర్లు కొనడు గదా.

సెమీకండక్టర్ యంత్రాల ప్రపంచ విక్రయాలు ఇదే ధోరణిని అంకెలలో చూపుతున్నవి. ఈ రంగపు అంతర్జాతీయ సంఘమైన సెమీ ప్రకటించిన లెక్కల ప్రకారం 2007లో సుమారు 4,277 కోట్ల డాలర్లుగా ఉన్న విక్రయాలు 2008లో సుమారు 2,950 కోట్లకు, 2009లో 1,592 కోట్లకు పడిపోయినవి. అనగా రెండేళ్ళలో ప్రతి వంద రూపాయల వ్యాపారంలో అరవైకి పైగా కరిగిపోయినది. మరుసటి సంవత్సరం, 2010లో, అవి ఒక్కసారిగా సుమారు 3,950 కోట్లకు ఎగబ్రాకినవి. 2024లో విక్రయాలు 11,710 కోట్ల డాలర్లు. దీర్ఘకాలంలో పెరుగుదల వాస్తవమే. కాని 2007లో కొని, 2009లో కుమార్తె వివాహం నిమిత్తమో, ఇంటి నిర్మాణం నిమిత్తమో అమ్ముకొనవలసి వచ్చినవానికి ఆ దీర్ఘకాలం అక్కరకు రాదు. ఈ రంగంలో మదుపు చేయదలచినవారిని ముందుగా అడుగవలసిన ప్రశ్న ఏ కంపెనీ అని కాదు, ఈ సొమ్ము ఎన్నేళ్ళు అవసరం లేకుండా ఉండగలదు అని.

సంస్థ ఎంత గట్టిదైనా దాని వాటా ధర గట్టిగా నిలబడాలన్న నియమం లేదు. 2024 అక్టోబరు 15న ఏఎస్ఎంఎల్ తన త్రైమాసిక ఫలితాలను సాంకేతిక లోపం కారణంగా ఒకరోజు ముందే వెబ్‌సైటులో వెల్లడించింది. కొత్త ఆర్డర్ల విలువ 260 కోట్ల యూరోలుగా తేలింది. ఇది విశ్లేషకుల అంచనాలో సగం కూడా కాదు. వాటా విలువ ఆ ఒక్కరోజే సుమారు 16 శాతం పతనమైంది. ఆ సంవత్సరం అదే సంస్థ 2,830 కోట్ల యూరోల అమ్మకాలు సాధించడం గమనార్హం. వ్యాపారం దెబ్బతినలేదు, ఆశ దెబ్బతిన్నది, ధరలో ఇమిడి ఉన్నదీ ఆశయే. ఏఎస్ఎంఎల్ 2026 నుండి త్రైమాసిక ఆర్డర్ల విలువను వెల్లడించబోనని 2025 జనవరిలో ప్రకటించింది. మదుపరి చేతిలోని కొలబద్దలలో ఒకటి ఆ విధంగా తగ్గినది.

ఒకే కొనుగోలుదారుపై ఆధారపడడం

2024 నాటి 11,710 కోట్ల డాలర్ల విక్రయాలలో 4,955 కోట్లు ఒక్క చైనా కొనుగోళ్ళే. అంటే వందకు నలభై రెండు పాళ్ళు. అత్యాధునిక యంత్రాలను చైనాకు పంపకుండా అమెరికా 2022 అక్టోబరు 7న ఆంక్షలు విధించింది. తదుపరి సంవత్సరం నెదర్లాండ్స్, జపాన్ కూడా తమ ఎగుమతులపై నియంత్రణలు తెచ్చినవి. ఆంక్షల భయంతో చైనా సంస్థలు ముందుగానే భారీగా కొనుగోలు చేసి నిల్వ చేసుకొనడం వల్ల అమ్మకాలు కొంతకాలం పెరిగినట్లు కనబడినవి. అటువంటి పెరుగుదలను శాశ్వతమని లెక్కించరాదు. పైగా చైనా తన సొంత యంత్ర నిర్మాణ సంస్థలను పెంచుకొంటున్నది.

అమెరికా విపణిపై ఆధారపడిన మన రొయ్యల రైతుకు ఈ విషయం వివరించడం సులభం. 2025 ఆగస్టులో భారతీయ వస్తువులపై అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు చెరువులోని రొయ్య మారలేదు, మేత మారలేదు, రైతు నైపుణ్యమూ మారలేదు. దూరాన తీసుకున్న ఒక నిర్ణయం మాత్రమే మారింది. రొయ్యలపై ఆదాయం పొందే కుటుంబం తన పొదుపును కూడా వాషింగ్టన్ నిర్ణయాలకు లోబడిన వాటాలలోనే ఉంచినచో, నష్టభయం రెండు వైపుల నుండి ఒకే చోటికి చేరుతుందన్న సంగతిని విలేకరులు ప్రస్తావించదగును.

రాష్ట్రంలో కర్మాగారం వస్తే ఈ వాటాలు పెరుగునా?

ఇది తరచుగా ఎదురయ్యే అపోహ కావున కొంత విపులంగా చెప్పవలసియున్నది. 2025 ఆగస్టు 12న ఆమోదం పొందిన నాలుగు ప్రాజెక్టులలో ఆంధ్రప్రదేశ్‌కు చెందినది అడ్వాన్స్‌డ్ సిస్టమ్ ఇన్ ప్యాకేజ్ టెక్నాలజీస్ సంస్థ. దక్షిణ కొరియాకు చెందిన అపాక్ట్ సంస్థ సాంకేతిక భాగస్వామి. పెట్టుబడి సుమారు 468 కోట్ల రూపాయలు. వార్షిక సామర్థ్యం 9.6 కోట్ల చిప్‌లు. అయితే ఇది వేఫర్‌పై చిప్‌ను సృష్టించే కర్మాగారం కాదు. సిద్ధమైన చిప్‌ను కోసి, అమర్చి, తీగలు కలిపి, కవచం తొడిగి, పరీక్షించే కర్మాగారం. ఇందుకు ఏఎస్ఎంఎల్ ముద్రణ యంత్రాలు గాని, లామ్ తొలిచే యంత్రాల శ్రేణి గాని ప్రధానంగా అవసరం కావు. కోత యంత్రాలకు జపాన్‌లోని డిస్కో, తీగలు కలిపే యంత్రాలకు కులికే అండ్ సోఫా, పరీక్షా యంత్రాలకు అడ్వాంటెస్ట్, టెరడైన్ వంటి వేరొక వర్గపు సంస్థలు ప్రసిద్ధమైనవి. కావున రాష్ట్రానికి చిప్ పరిశ్రమ వచ్చింది గనుక ఫలానా విదేశీ యంత్ర సంస్థ వాటా కొనండి అనే సలహాకు ఆధారం లేదు.

పరిమాణం కూడా గమనించవలసినదే. గుజరాత్‌లోని ధొలేరాలో టాటా ఎలక్ట్రానిక్స్, తైవాన్‌కు చెందిన పీఎస్ఎంసీ సహకారంతో నిర్మించతలపెట్టిన వేఫర్ కర్మాగారానికి 2024 ఫిబ్రవరిలో ఆమోదం లభించింది. దాని మొత్తం పెట్టుబడి 91,000 కోట్ల రూపాయలు. కొన్నేళ్ళపాటు ఖర్చయ్యే ఈ మొత్తమంతా కలిపినా, 2024లో ప్రపంచం ఒక్క ఏడాదిలో కొన్న యంత్రాల విలువలో పదోవంతుకు లోపే. భారతదేశపు వార్తలు ఈ సంస్థల భవిష్యత్తుకు ముఖ్యమే కావచ్చును గాని, వాటి ఈ సంవత్సరపు లాభాలను నిర్ణయించేది తైవాన్, కొరియా, చైనా, అమెరికాల కర్మాగారాలే.

ప్రకటనకు, యంత్రం బిగించడానికి మధ్య గల దూరం మన ప్రాంతానికి కొత్త కాదు. 2005-06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, హైదరాబాదు సమీపంలోని రావిర్యాల ప్రాంతంలో సుమారు 1,200 ఎకరాలలో ఫ్యాబ్ సిటీ తలపెట్టబడినది. ఏఎండీ సాంకేతిక సహకారంతో సెమ్ఇండియా సంస్థ 300 కోట్ల డాలర్ల పెట్టుబడితో వేఫర్ కర్మాగారం నిర్మించగలదని అప్పట్లో ప్రకటన వెలువడింది. కేంద్ర ప్రభుత్వం 2007 మార్చిలో ప్రత్యేక ప్రోత్సాహక పథకాన్ని ప్రకటించింది. తరువాత వచ్చిన 2008-09 మాంద్యంలో ప్రపంచమంతటా చిప్ పెట్టుబడులు నిలిచిపోయినవి. ఫ్యాబ్ సిటీలో సౌరఫలకాల సంస్థలు, ఇతర ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలు వెలసినవి గాని, తలపెట్టిన వేఫర్ కర్మాగారం రాలేదు. యంత్రాల ఆర్డరు దాకా రాని కర్మాగారం వల్ల యంత్ర తయారీ సంస్థకు ఒక్క డాలరు కూడా దక్కదు. ఆ ప్రకటననే నమ్మి చుట్టుపక్కల స్థలాలపై సొమ్ము పెట్టినవారి లెక్క వేరు.

పత్రికా ప్రకటనలు వ్రాయడమే వృత్తిగా గలవాని మాటగా ఇక్కడ ఒక సంగతి చెప్పవచ్చును. అవగాహన ఒప్పందపు వార్తకు మొదటి పేజీలో చోటు లభిస్తుంది. మొదటి యంత్రం వచ్చిన వార్త జిల్లా పేజీకి చేరుతుంది. మదుపరి దృష్టిలో ఈ క్రమం తలక్రిందులుగా ఉండాలి. కావున అవగాహన ఒప్పందం, రాష్ట్ర పెట్టుబడుల ప్రోత్సాహక మండలి ఆమోదం, కేంద్ర మంత్రివర్గ ఆమోదం, ఆర్థిక సహాయ ఒప్పందం, నిర్మాణం, యంత్రాల స్థాపన, ఉత్పత్తి అనే దశలలో ప్రాజెక్టు దేనియందున్నదో వార్తలో స్పష్టంగా పేర్కొనవలసినదిగా విలేకరులను కోరడమైనది. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో ఇండిచిప్ సంస్థ సుమారు 14,000 కోట్ల రూపాయలతో తలపెట్టిన సిలికాన్ కార్బైడ్ కర్మాగారానికి కూడా ఇదే పద్ధతి వర్తించగలదు.

యంత్ర సంస్థలు నేరుగా భారతదేశంలో పెట్టే పెట్టుబడి మరొక విషయం. అప్లైడ్ మెటీరియల్స్ నాలుగేళ్ళలో 40 కోట్ల డాలర్లతో బెంగళూరులో ఇంజనీరింగ్ కేంద్రాన్ని నెలకొల్పనున్నట్లు 2023 జూన్‌లో ప్రకటించింది. లామ్ రీసెర్చ్ కర్ణాటకలో 10,000 కోట్ల రూపాయలకు పైగా పెట్టుబడిని 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. బాపట్ల, వడ్లమూడి కళాశాలల విద్యార్థులకు వాటాల కన్న ఈ వార్తలే ఎక్కువ ప్రయోజనకరం. శూన్యపీడన వ్యవస్థలు, వాయు ప్రవాహం, సూక్ష్మ యాంత్రిక నిర్మాణం ఈ యంత్రాలకు ప్రాణం కనుక మెకానికల్, కెమికల్ విద్యార్థులకు సైతం ఇందులో అవకాశాలుంటాయి.

చట్టబద్ధ మార్గాలు, పన్నులు

పైన పేర్కొన్న యంత్ర తయారీ సంస్థలన్నీ విదేశీ స్టాక్ ఎక్స్ఛేంజీలలో నమోదైనవే. ఇక్కడి నివాసి వాటిని కొనుటకు ప్రధానంగా రెండు మార్గాలు గలవు.

మొదటిది రిజర్వు బ్యాంకు వారి సరళీకృత చెల్లింపుల పథకం. 2004లో 25,000 డాలర్ల పరిమితితో ప్రారంభమైన ఈ పథకం క్రింద 2015 నుండి ఒక వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చును. అధీకృత బ్యాంకు ద్వారా, పాన్ నంబరుతో, ఫారం ఏ2 సమర్పించి సొమ్ము పంపాలి. అప్పుపై విదేశీ వాటాల జూదానికి, మార్జిన్ చెల్లింపులకు ఈ పథకం అనుమతించదు. మదుపు నిమిత్తం పంపే సొమ్ము సంవత్సరానికి 10 లక్షల రూపాయలు మించితే, మించిన భాగంపై 20 శాతం పన్నును బ్యాంకు ముందుగా వసూలు చేస్తుంది. 10 లక్షల పరిమితి 2025 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చింది. ఉదాహరణకు 12 లక్షలు పంపిన తెనాలి వ్యాపారి 40,000 రూపాయలు అదనంగా చెల్లించాలి. ఇది అదనపు భారం కాదు. ఆదాయపు పన్ను లెక్కలో సర్దుబాటు గాని, వాపసు గాని పొందవచ్చును. అంతవరకు ఆ సొమ్ము చేతిలో ఉండదు.

రెండవది మన దేశపు మ్యూచువల్ ఫండ్ల ద్వారా విదేశీ వాటాలలో మదుపు చేయడం. ఇందులో సొమ్మును రూపాయలలోనే చెల్లిస్తారు, కావున పై పథకపు పరిమితి వర్తించదు. కాని ఫండ్ పరిశ్రమ మొత్తానికి 700 కోట్ల డాలర్ల విదేశీ మదుపు పరిమితి ఉన్నందున, 2022 ఆరంభంలో సెబీ ఆదేశాలపై అనేక పథకాలు కొత్త సొమ్ము స్వీకరించడం నిలిపివేసినవి. పథకంలో చేరే ముందు ఈ విషయం విచారించుకొనాలి.

విదేశీ వాటాలను 24 నెలలకు మించి ఉంచుకొని అమ్మితే వచ్చే లాభంపై 12.5 శాతం పన్ను వర్తిస్తుంది. అంతకు లోపు అమ్మితే లాభం మామూలు ఆదాయంలో కలుస్తుంది. అమెరికా సంస్థలు చెల్లించే డివిడెండు నుండి అక్కడే 25 శాతం మినహాయిస్తారు. దానికి ఇక్కడ సర్దుబాటు కోరవచ్చును. విదేశీ వాటాలు ఎన్ని తక్కువ ఉన్నా రిటర్నులోని విదేశీ ఆస్తుల పట్టికలో చూపాలి. బెంగళూరు, హైదరాబాదులలోని విదేశీ సంస్థలలో పనిచేస్తూ జీతంతోపాటు మాతృసంస్థ వాటాలు పొందే యువ ఇంజనీర్లు దీనిని మరచిపోవడం సాధారణం. 2015 నాటి నల్లధన చట్టం క్రింద, స్థిరాస్తి కాని విదేశీ ఆస్తుల విలువ 20 లక్షల రూపాయలు మించినచో, వాటిని వెల్లడించనివారికి 10 లక్షల రూపాయల జరిమానా విధించే అవకాశమున్నది.

బ్రోకర్లు సాధారణంగా చెప్పని విషయం మరొకటి ఉన్నది. అమెరికా నివాసి గాని, పౌరుడు గాని కానివారు మరణించిన నాటికి అక్కడి సంస్థల వాటాల విలువ 60,000 డాలర్లు మించినచో ఆ దేశపు వారసత్వ పన్ను వర్తించవచ్చును. అత్యధిక రేటు 40 శాతం. ఈ పన్నుపై భారతదేశానికి, అమెరికాకు మధ్య ఒప్పందం లేదు. వృద్ధాప్యంలో ఉన్న తల్లిదండ్రుల పేర వాటాలు కొనే ముందు కుటుంబ సభ్యులు ఆడిటరును సంప్రదించడం అవసరం.

రూపాయి విలువ తగ్గుదల విదేశీ వాటాలపై లాభాన్ని పెంచి చూపుతుంది. 2014లో 60 రూపాయల ప్రాంతంలో ఉన్న డాలరు 2025 డిసెంబరులో 90 దాటింది. గత లాభాల పట్టికలు చూపేవారిని, అందులో కంపెనీ వాటా ఎంత, రూపాయి వాటా ఎంత అని అడుగవలెను.

మోసాల విషయమై అధికారులకు

విదేశీ చిప్ కంపెనీల ప్రీ-ఐపీఓ వాటాలు ఇప్పిస్తామని, కృత్రిమ మేధ ద్వారా రోజువారీ లాభమని చెప్పి వాట్సాప్, టెలిగ్రామ్ బృందాల ద్వారా నకిలీ యాప్‌లలో సొమ్ము వేయించే మోసాలు అన్ని ప్రాంతాలలోనూ నమోదవుతున్నవి. గుర్తించుటకు ఒక సులభమైన పరీక్ష గలదు. విదేశీ వాటాల సొమ్ము బ్యాంకు నుండి ఫారం ఏ2 ద్వారా బయటి దేశానికి వెళ్ళాలి. వ్యక్తి పేర ఉన్న పొదుపు ఖాతాకో, యూపీఐ నంబరుకో పంపమన్నచో అది విదేశీ మదుపు కాదు. మొదట వేసిన 5,000 రూపాయలపై లాభం వెంటనే తిరిగి రావడం నమ్మకం కలిగించుటకే.

సలహాదారు సెబీ నమోదు సంఖ్యను అడిగి, సెబీ వెబ్‌సైటులో సరిచూడాలి. పెట్టుబడి సలహాదారుల సంఖ్య ఐఎన్ఏ అక్షరాలతోను, పరిశోధనా విశ్లేషకులది ఐఎన్‌హెచ్ అక్షరాలతోను, బ్రోకర్లది ఐఎన్‌జడ్ అక్షరాలతోను మొదలవుతుంది. విదేశీ మారకపు లావాదేవీలకు అనుమతి లేని వేదికల జాబితాను రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు నుండి ప్రకటిస్తున్నది. స్థానికంగా డిపాజిట్లు సేకరించి చిప్ కంపెనీలలో పెడతామని హామీ ఇచ్చే సంస్థలపై 1999 నాటి ఆంధ్రప్రదేశ్ డిపాజిటర్ల పరిరక్షణ చట్టం, 2019 నాటి కేంద్ర అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం క్రింద చర్య తీసుకొనవచ్చును.

సొమ్ము పోయినట్లు తెలిసిన వెంటనే బాధితులు 1930 నంబరుకు ఫోను చేయాలి. సొమ్ము ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు మారకముందే నిలుపుదల చేయించగలిగితేనే అది దక్కే అవకాశం ఉంటుంది. పోలీసు స్టేషనుకు గాని, తహశీల్దారు కార్యాలయానికి గాని వచ్చిన బాధితుని అర్జీ వ్రాసుకొని రమ్మని త్రిప్పి పంపక, ముందుగా ఆ నంబరుకు ఫోను చేయించి, ఆపై లావాదేవీ సంఖ్య, సొమ్ము చేరిన ఖాతా వివరాలు, సంభాషణల ఛాయాచిత్రాలు జతపరచి ఫిర్యాదు స్వీకరించవలసినదిగా సూచించడమైనది.